కొడవలి చేతికివ్వరు

ఖమ్మంలో బస్సెక్కినప్పుడు సాయిప్రియ దగ్గర ఒక లాప్‌టాప్, నాలుగు రంగుల స్టిక్కీ నోట్ల కట్టలు, నూట పన్నెండు స్లైడ్లు ఉన్నాయి. అన్నిటికంటే బరువైనది ఆత్మవిశ్వాసం. దానికి లగేజీ టికెట్ కొట్టరు కాబట్టి సరిపోయింది.

ఆమెది కల్లూరు. ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్‌లో ఒక చిన్న కన్సల్టెన్సీలో చేరింది. చేసే ఉద్యోగం ఏమిటో ఇంట్లో వాళ్ళకి ఇప్పటికీ అంతుపట్టలేదు. "పనిచేసేవాళ్ళకి పని ఎట్లా చేసుకోవాలో చెబుతుంది" అని నాన్న చుట్టాలతో అంటే, నాన్నమ్మ సుబ్బరత్నం, "తను చేయకుండానా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు సాయిప్రియ ఇంకా వెతుకుతూనే ఉంది.

జపాన్ కార్ల ఫ్యాక్టరీల్లో పుట్టిన పద్ధతి అది. లీన్ అంటారు. పనిలో దండగ నడక, వెతుకులాట, ఎదురుచూపు ఎక్కడున్నాయో చూసి తీసేస్తే పని తేలికవుతుంది, పనిచేసేవాళ్ళకి దెబ్బలు తగలడం తగ్గుతుంది. ఇప్పటిదాకా ఆమె దాన్ని పైపుల ఫ్యాక్టరీలోను, బిస్కెట్ల ఫ్యాక్టరీలోను నేర్పింది. నర్సులకి నేర్పడం ఇదే మొదటిసారి. బిస్కెట్ల కంటే కష్టమేం కాదులే అనుకుంది.

టేకులపల్లిలో ఒక ముసలాయన బస్సెక్కబోయాడు. భుజాన సంచి, చేతిలో గుడ్డ చుట్టిన కొడవలి. మెట్టు ఎత్తుగా ఉంది, ఆయనకి కడ్డీ పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తలుపు పక్క సీట్లో ఉన్న సాయిప్రియ చెయ్యి చాచింది.

"ఇలా ఇవ్వండి తాతా, పట్టుకుంటాను."

ఆయన ఆ చేతి వంక చూశాడు. కొడవలిని బస్సు నేల మీద పెట్టాడు. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని ఎక్కాడు. అప్పుడు వంగి కొడవలి తీసుకుని, ఆమె పక్కన కూర్చుని, దాన్ని కాళ్ళ కింద పెట్టుకున్నాడు.

"చేతికియ్యొద్దు బిడ్డా," అన్నాడు, అంతే.

నమ్మకం లేదు కాబోలు అనుకుని సాయిప్రియ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. అడవి మొదలైన చోట దవాఖానా స్టాపులో ఇద్దరూ దిగారు. ఆయన గేటు లోపలికి ఆమె కంటే ముందే వెళ్ళిపోయాడు.

వంద పడకల దవాఖానా. వానాకాలం కాబట్టి నూట ముప్పై మంది రోగులు. హెడ్ నర్సు నాగలతకి యాభై నాలుగేళ్ళు. నడిస్తే చెప్పుల చప్పుడు వినపడదు, కానీ ఆమె వస్తోందని వార్డు మొత్తానికి తెలిసిపోతుంది. సాయిప్రియని కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఆమె తాగినంతసేపు మందుల చీటీలు చూసుకుంది. తర్వాత కళ్ళద్దాలు తీసింది.

"ఎన్ని రోజులుంటవమ్మా?"

"మూడు రోజులండీ. శుక్రవారం సాయంత్రం వరకు."

"మంచిగున్నది. శనివారం నాకొక పని పడ్తది." డ్రాయర్ లాగి ఒక కాగితం చూపించింది. రాజీనామా. కింద సంతకం, కుంజా శ్రావణి, స్టాఫ్ నర్సు. కారణం దగ్గర 'సొంత కారణాలు' అని ఉంది.

"సొంత కారణాలు కాదు. రెండు నెలల కింద పాము కాటు కేసొచ్చింది. ఈ పిల్ల రక్తం తీసింది. తీసిన సూదికి మూత పెట్టబోతే వేలికి దిగింది. రోగం అంటకుండ నెల రోజులు మాత్రలు మింగిచ్చినం. మింగినన్ని రోజులు కక్కుకున్నది గాని డ్యూటీ ఎగ్గొట్టలే. టెస్టులు ఇప్పటిదాంక మంచిగనే ఉన్నయి. ఆఖరిది వచ్చే నెల."

"మరి భయం టెస్టు గురించా?"

"కాదు. మెమో వచ్చింది. 'అజాగ్రత్త' అని రాసిర్రు. ఆ ఒక్క మాట పట్టుకున్నది పిల్ల. తప్పు తనదే అనుకుంటది. సూది పట్టుకుంటె చెయ్యి వణుకుతది." నాగలత కాగితాన్ని మళ్ళీ లోపల పెట్టింది. "ఈ వార్డు నర్సులల్ల కోయ మాట వచ్చేది ఆ పిల్లకొక్కదానికే. అది పోతే, అడివిల నుంచి వచ్చిన ముసలమ్మను ఏడ నొస్తుందే అని నేను సైగలతోని అడగాలె. వాళ్ళ ఊరికి మొదటి నర్సు. శనివారం వచ్చి తోలుకపోతనని వాళ్ళ నాయన ముసలయ్య ఇప్పుడే చెప్పి పోయిండు, కొడవలి పట్టుకొని."

సాయిప్రియ కప్పు కింద పెట్టింది. "కొడవలితోనా?"

"గాబరా పడకు. సాన పట్టించుకోను వచ్చిండు." నాగలత మొదటిసారి నవ్వింది. "నేను ఇరవై ఆరేండ్ల నుంచి జాగ్రత్త జాగ్రత్త అని మొత్తుకుంటున్న. అది సాలలేదు. నీ జపాను మందేదో పనిచేస్తదేమో చూడు."

మొదటి రోజు ఆ మందు పనిచేయలేదు. పద్దెనిమిది మంది నర్సులు కూర్చున్నారు, అందులో నలుగురు రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు. ముప్పయ్యో స్లైడుకి ఆ నలుగురూ నిద్రపోయారు. నిద్రపోనివాళ్ళలో సుజాత అనే సీనియర్ నర్సు చెయ్యెత్తింది.

"మేడం, ఆ ఫ్యాక్టరీల కార్లు కక్కుకుంటయా?"

"లేదండీ."

"కార్లకు నలుగురు చుట్టాలొచ్చి మంచం చుట్టూ నిలబడ్తరా?"

"లేదు."

"మరింకేం. మేము గూడ కార్లే చేస్తం, ఆ నౌకరి ఇప్పియ్యి."

అందరూ నవ్వారు. వెనక వరసలో సన్నగా, నల్లగా, జడ బిగించి అల్లుకున్న ఒక అమ్మాయి మాత్రం నవ్వలేదు. రెండు చేతులూ ఒళ్ళో దాచుకుని కూర్చుంది. ఆమే శ్రావణి అని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

సూదిపోట్ల రిజిస్టర్ అడిగితే ఇచ్చారు. మూడేళ్ళుగా ప్రతి నెలా ఒకే అక్షరాలు, ఒకే సిరా: 'నిల్'. శ్రావణి పోటు కూడా అందులో లేదు. అది మెమో ఫైల్లో ఉంది, రిజిస్టర్‌లో లేదు. సాయిప్రియకి చదువులో చెప్పారు, ఏ ఫ్యాక్టరీలోనైనా దెబ్బల లెక్క సున్నా ఉందంటే రెండే అర్థాలని. ఒకటి, అక్కడ అంతా బాగుంది. రెండు, అక్కడ అందరూ భయపడుతున్నారు. మొదటి రకం ఫ్యాక్టరీ ఆమెకి ఇంకా తగల్లేదు.

మధ్యాహ్నం లాప్‌టాప్ మూసేసి వార్డులో నిలబడింది. ఒక మూల సుద్దముక్కతో గుండ్రం గీసుకుని, అందులో నుంచి కదలకుండా రెండు గంటలు చూసింది. వార్డు ఊడ్చే చిన్నక్క ఆ గుండ్రం చుట్టూ తడిగుడ్డ పెట్టి, లోపల మాత్రం వదిలేసింది.

"ముగ్గేసుకొని నిలబడ్డవేంది బిడ్డా? మొక్కున్నదా?"

"చూస్తున్నానమ్మా. పని ఎట్లా జరుగుతుందో."

"చూస్తే ఊడ్చినట్టయితదా?" అని చిన్నక్క వెళ్ళిపోయింది. నాన్నమ్మకి ఇక్కడొక తోడు దొరికింది అనుకుంది సాయిప్రియ.

చూడగా చూడగా ఒక సంగతి కనిపించింది. వాడిన సూదులు వేసే తెల్ల డబ్బా వార్డు చివర, బాత్రూం పక్కన, గోడకి ఉంది. చిన్నక్కని బతిమాలి సుతిలి తాడు తెప్పించింది. సుజాత ఒక మంచం దగ్గర ఇంజెక్షన్ చేసి డబ్బా దాకా నడిచే దారంతా ఆ తాడు పరిచారు. మధ్యలో నాలుగు మంచాలు, రెండు స్టూళ్ళు, ఒక సెలైన్ స్టాండు, నేల మీద పడుకున్న ఒక అమ్మమ్మ. తాడు కొలిస్తే అరవై నాలుగు అడుగులు. రక్తం అంటిన సూది చేత పట్టుకుని, జనంలోంచి, రోజుకి ఎన్నోసార్లు.

"నేనే నడుస్తున్ననా గింత?" అంది సుజాత తాడు చుట్టుకుంటూ. ఆమె గొంతులో ఎగతాళి లేకపోవడం అదే మొదటిసారి.

రెండో రోజు స్లైడ్లు లేవు. సాయిప్రియ అందరికీ తలా ఒక పసుప్పచ్చ కాగితం పంచింది. "పేర్లు రాయొద్దు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి సూది ఎన్నిసార్లు గుచ్చుకుందో ఆ అంకె ఒక్కటే రాయండి."

ఎవరూ రాయలేదు. పెన్నులు కదల్లేదు. కిటికీ బయట వాన. అప్పుడు వెనక నుంచి నాగలత లేచి వచ్చింది. కాగితం మీద ఏదో రాసి, గోడకి అంటించి, చదివింది.

"నాగలత. ఏడు." అందరి వైపూ తిరిగింది. "ఇరవై ఆరేండ్ల సర్వీసు, ఏడుసార్లు. ఒక్కటి గూడ రిజిస్టర్ల రాయలే. రాస్తే మెమో వస్తదని. నెలనెలా 'నిల్' అని రాసింది ఈ చెయ్యే. ఆ పిల్లకొచ్చిన మెమో, న్యాయంగ అయితే నాకు ఏడుసార్లు రావాలె. ఇప్పుడు రానియ్యి."

శ్రావణి తలెత్తి ఆమెని చూసింది.

పది నిమిషాల్లో గోడ నిండింది. పద్దెనిమిది మంది, నలభై మూడు పోట్లు. సుజాత కూడా పేరు రాసింది, ఐదు. ఒక కాగితం మీద చిన్నగా 'ఒకటి' అని ఉంది. దాన్ని అంటించింది ఎవరో సాయిప్రియ చూడనట్టు నటించింది.

తర్వాత ఎందుకు ఎందుకు అని అడుగుతూ పోయే ఆట మొదలుపెట్టింది. అది చిన్నపిల్లలు ఆడే ఆటే, ఇంజినీర్లు దానికి పేరు పెట్టుకున్నారు.

"ఎక్కువసార్లు ఎప్పుడు గుచ్చుకుంది?"

"మూత పెట్టేటప్పుడు," అన్నారు నలుగురైదుగురు.

"వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకూడదని చదువులో చెప్పలేదా?"

"చెప్పిర్రు. పరీక్షల గూడ వచ్చింది," అంది సుజాత. "ఐదు మార్కులు."

"మరి ఎందుకు పెడుతున్నారు?"

"డబ్బా ఏడున్నదో నీ సుతిలి చెప్పింది గద మేడం. చేతుల పట్టుకొని ప్రతిసారి అంత దూరం పోలేము. మంచం పక్కన చెత్త సంచిల ఏస్తం."

"సంచిలోకే కదా పోయేది. మరి మూత ఎందుకు?"

సుజాత కిటికీలోకి చూసింది. ఇంకొకామె వాచీ సవరించుకుంది. మిగతా వాళ్ళ చూపు ఒకసారి గుమ్మం వైపు పోయి వచ్చింది. గుమ్మం బయట వరండాలో చిన్నక్క తడిగుడ్డ పెడుతోంది.

"సంచి పెద్దమ్మ ఎత్తుతది మేడం." రెండు రోజుల్లో శ్రావణి నోరు విప్పడం అదే మొదలు. చిన్నక్క ఆమెకి వరసకి పెద్దమ్మ. "ఒట్టి చేతులతోని ఎత్తి, కాలికి ఆనిచ్చుకొని మోస్తది. మూత లేకపోతే ఆమెకు దిగుతది. అందుకే అందరం పెడ్తం. మాకు తెల్వక కాదు."

సాయిప్రియ చేతిలో మార్కర్ ఆగింది. తన స్లైడ్లలో అరవై ఒకటోది దీని గురించే. 'సూదికి మూత పెట్టడానికి కారణాలు: అలవాటు, అవగాహన లేకపోవడం' అని ఉంటుంది అందులో. పక్కన బల్బు బొమ్మ కూడా పెట్టింది. ఆ బల్బుని ఆ క్షణాన ఎవరైనా ఆర్పేస్తే బాగుండుననిపించింది.

చిన్నక్క లోపలికి వచ్చింది. కర్రని గోడకి ఆనించింది.

"నేనేమన్న అడిగిన్నానే మిమ్ముల, నాకోసం వేళ్ళు పొడుచుకోర్రని?"

"అడగలే పెద్దమ్మా."

"అడగకపోతె చెప్పొద్దా? నెల రోజులు నువ్వు అన్నం సయించక కక్కుకుంటుంటె, ఎవరి కన్ను తగిలిందో అని నేను ఉప్పు తిప్పి దిష్టి తీసిన. మూడు మార్లు తీసిన! నా సంచి కాడ మొదలైందని ఒక్కలన్న చెప్పిర్రా?" కొంగుతో ముఖం తుడుచుకుంది. అందరూ తలలు వంచుకున్నారు, నాగలతతో సహా. చిన్నక్క అడిగింది. "మీ ఇండ్లల్ల కొడవలి ఎట్లిస్తరు?"

ఎవరికీ అర్థం కాలేదు.

"కొడవలి, కత్తి. ఒకలకొకలు ఎట్లిస్తరు? చేతికిస్తరా?"

"కింద పెడ్తం," అంది శ్రావణి.

"ఎందుకు పెడ్తం?"

"చేతికిస్తే పగ పుడ్తదంటరు."

"పగ పుట్టుడేమో గాని చెయ్యి తెగుడు మాత్రం నిజం. కోతలల్ల ఇరవై మంది ఉంటం. తెచ్చినోళ్ళు నేల మీద పెడ్తరు, కావాల్సినోళ్ళు తీసుకుంటరు. దానికి తొడుగేసి ఎవరూ కూసోరు. పని అయినంక అన్నీ ఒక్కకాడనే ఉంటయి. సూది కొడవలి కంటే మంచిదా? దాన్ని చేతులల్ల పట్టుకొని తిరుగుడేంది, మూతలు పెట్టుడేంది?"

సాయిప్రియకి బస్సు గుర్తొచ్చింది. నేల మీద పెట్టిన కొడవలి, చాచిన తన చెయ్యి. తన డెబ్భై నాలుగో స్లైడులో విదేశీ ఆపరేషన్ థియేటర్ ఫోటో ఉంది. కత్తి, సూది చేతి నుంచి చేతికి ఇవ్వకుండా మధ్యలో ఒక పళ్ళెంలో పెట్టి తీసుకునే పద్ధతి. దానికి ఆమె నాలుగు నిమిషాలు కేటాయించింది. ఈ నర్సులకి కొత్తగా ఉంటుందేమో, నెమ్మదిగా చెప్పాలి అని కింద నోట్సు కూడా రాసుకుంది.

ఆ స్లైడు తెరవలేదు. "చిన్నక్క గారూ," అంది, "మీరు ఇటొచ్చి కూర్చోండి. ఇక నుంచి క్లాసు మీది కూడా."

"కూసుంటె ఎవరు ఊడుస్తరు?" అంటూనే చిన్నక్క కూర్చుంది.

సూదికి ఆ నేల ఎక్కడన్నది తర్వాత ప్రశ్న. మంచం పక్కకి నేల వెంట రాదు కదా. చిక్కుడుగింజ ఆకారంలో స్టీలు పళ్ళేలు ఉన్నాయి, వాటిని కిడ్నీ ట్రే అంటారు. అదే నేల అన్నారు. వాడిన సూది మూత లేకుండా అందులోకి, అక్కడి నుంచి సూదిని నరికేసే కట్టర్‌లోకి. కట్టర్ ట్రాలీ మీదే ఉండాలి. కట్టర్లు రెండు ఉన్నాయని తేలింది. రెండేళ్ళుగా డబ్బాల్లోంచి తీయకుండా స్టోర్ బీరువాలో తాళం వేసి ఉన్నాయి. తాళం ఫార్మసిస్టు చెంచురామయ్య దగ్గర.

"అవి స్టాకులో ఉన్నాయమ్మా," అన్నాడాయన. మధిర వైపు మనిషి, మాట మెత్తగా ఉంటుంది గానీ పట్టు మెత్తగా ఉండదు. "బయట పెడితే పోతాయి. పోతే నా మెడకి చుట్టుకుంటుంది. బీరువాలో ఉంటే క్షేమంగా ఉంటాయి."

"కట్టరు క్షేమంగనే ఉన్నది," అంది నాగలత. "పిల్లల వేళ్ళే లేవు."

చెంచురామయ్య ఏదో అనబోయి, గోడ నిండా అంటించిన పసుప్పచ్చ కాగితాలు చూశాడు. చాలాసేపు చదివాడు. నాగలత, "మీ సైకిలుకు గొలుసు తాళం ఉంటది గద?" అంది. "అసుంటియి రెండు మీరే తెచ్చి ట్రాలీలకు కట్టేయుర్రి. తాళంచెవులు మీ దగ్గర్నే పెట్టుకోర్రి. ట్రాలీ పోతే నా పూచీ."

సాయంత్రానికి రెండు ట్రాలీలకీ రెండు కట్టర్లు సైకిలు గొలుసులతో కట్టేసి ఉన్నాయి. చెంచురామయ్య తాళాలు రెండుసార్లు లాగి చూసుకున్నాడు. ఇంతకంటే అందమైన యంత్రాన్ని సాయిప్రియ ఏ ఫ్యాక్టరీలోనూ చూడలేదు.

శ్రావణి సిరంజి ముట్టుకోలేదు గాని, ట్రే సర్దే పని తనకి తానే తీసుకుంది. పాము కాటుకి మందు పొడి రూపంలో వస్తుంది. ఒక్కో సీసాలో నీళ్ళు కలపాలి, ఒక మనిషికి మొదట పది సీసాలు. హడావిడిలో ఎన్ని కలిపామో మర్చిపోతే మళ్ళీ మొదటి నుంచీ వెతకాలి. శ్రావణి సీసాలని ఐదేసి చొప్పున రెండు వరసలు పెట్టింది. ఒక్కో సీసా పక్కన దానిలో కలిపే నీళ్ళ చిన్న గొట్టం. కలపడం అయిపోయిన సీసాని బోర్లించి అదే చోట పెట్టాలని చూపించింది. దూరం నుంచి ఒక్క చూపుకే ఎన్ని అయ్యాయో తెలుస్తుంది.

"ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అంది సాయిప్రియ.

"బీడీల తునికాకు కల్లంల మేడం. యాభై ఆకులకు ఒక కట్ట కడ్తం. కట్టలు వరసలు పెడ్తం. ఆకు కొనే కల్లందారు వచ్చి నిలబడి చూస్తడు, ముట్టుకోకుండనే ఎన్నున్నయో చెప్తడు."

"చూడగానే లెక్క తెలిసేట్టు సర్దడం. దీని మీద నేను సర్టిఫికెట్ కోర్సు చేశాను. ఆరు నెలలు పట్టింది."

"మాకు వేసవి సెలవులల్ల అయిపోయేది," అంది శ్రావణి. పెదవి చివర నవ్వు వచ్చిందో లేదో చూసేలోపే పోయింది.

మంచం చుట్టూ చుట్టాలు మూగకుండా సాయిప్రియ నేల మీద పసుప్పచ్చ టేపు అంటించింది. శ్రావణి దాన్ని చూసి తల అడ్డంగా ఊపింది. "పాము కరిచినోని అన్న గీత చూస్తడా మేడం? గీతకు ఆగడు. పని చెప్తే ఆగుతడు."

మూడో రోజు పదకొండు గంటలకి ఆటో వచ్చింది. పత్తి చేలో కలుపు తీస్తుంటే జోగయ్య అనే ముప్పై ఏళ్ళ మనిషిని పాము మడమ మీద కాటేసింది. కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. వెంట నలుగురు. అందులో అన్న, గొంతు చించుకుని అరుస్తున్నాడు. డ్యూటీ డాక్టరు చూసి, రక్తం తీసి గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు పెట్టండి, గడ్డకడుతుందో లేదో చూద్దాం, పది సీసాలు కలపండి అని చెప్పాడు.

"రక్తం ఎవరు తీస్తరు?" అంది నాగలత. ఎవరి వైపూ చూడలేదు.

సుజాత అడుగు వేసింది. కానీ జోగయ్య కోయలో ఏదో గొణుగుతున్నాడు, నర్సుల్లో దానికి జవాబు శ్రావణి ఒక్కతే చెప్పగలదు. ఆమె అప్పటికే మంచం పక్కన ఉంది. ఒక చెయ్యి అతని భుజం మీద వేసి మాట్లాడుతూనే, అన్న వైపు తిరిగి గోడ గడియారం చూపించి గట్టిగా రెండు ముక్కలు అంది. అతను అరుపు ఆపి గడియారం కిందకి పరుగెత్తాడు.

"ఏమన్నావు?" అంది సాయిప్రియ.

"ఇరవై నిమిషాలు లెక్కపెట్టుమన్న. అది తప్పితే మందు తప్పుతదన్న."

మిగతా ముగ్గురికి మూడు పనులు చెప్పింది. ఆటో కిరాయి ఇచ్చి రావడం, ఆధార్ కార్డు వెతకడం, ఇంటికి ఫోన్ చేయడం. టేపు లోపల ఒక్క చుట్టం మిగల్లేదు.

అప్పుడు శ్రావణి సిరంజి తీసుకుంది. చెయ్యి వణికింది. అందరికీ కనిపించింది. నాగలత ఆమె భుజం తట్టలేదు. కిడ్నీ ట్రేని మాత్రం ఒక జానెడు ఆమె వైపు జరిపింది.

శ్రావణి ట్రే వంక చూసింది. ఊపిరి పీల్చుకుంది. సూది నరంలోకి నెమ్మదిగా వెళ్ళింది, రక్తం వచ్చింది, గాజు గొట్టంలోకి పోసింది. ఇక చేతిలో ఉన్నది రక్తం అంటిన సూది. రెండు నెలల కింద సరిగ్గా ఇక్కడే.

సాయిప్రియకి ఆ అమ్మాయిని ఆ సూది నుంచి ఎట్లాగైనా తప్పించాలనిపించింది. ఆలోచించకుండానే చెయ్యి చాచింది. "ఇటివ్వు, నేను పట్టుకుంటాను."

"చెయ్యి తియ్యుర్రి మేడం!"

గొంతులో వణుకు లేదు. సాయిప్రియ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. శ్రావణి సూదిని ట్రేలో పెట్టింది. మూత లేదు. టంగుమని చిన్న చప్పుడు.

"చేతికియ్యం," అంది, ఈసారి మెల్లగా.

"ఆ పిల్లకు జర చెప్పుర్రే," అంది వెనక నుంచి చిన్నక్క. చేతులకి మోచేతుల దాకా మందపాటి రబ్బరు తొడుగులు, పొద్దున్నే నాగలత స్టోర్ నుంచి ఇప్పించినవి. "కొత్తది, తెల్వదు."

సుజాత ట్రేలోంచి సూదిని తీసి కట్టర్‌లో పెట్టి మీట నొక్కింది. కటక్. శ్రావణి చెయ్యి అప్పటికే మొదటి సీసా మీద ఉంది. ఒకటి కలిపింది, బోర్లించింది. రెండు, బోర్లించింది. వేళ్ళు వాటి దారి అవే పట్టాయి. సాయిప్రియ గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని లెక్కపెట్టింది. ఆ గదిలో ఆమె చేయగలిగిన క్షేమకరమైన పని అదొక్కటే. గడియారం కింద నుంచి అన్న నిమిషానికోసారి కేకేస్తున్నాడు, "పద్నాలుగు!" "పదిహేను!" అని. ఆయన "ఇరవై!" అనేటప్పటికి సీసాలు పదీ బోర్లా ఉన్నాయి.

సాయంత్రం జోగయ్య కళ్ళు తెరిచి చుట్ట అడిగాడు. నాగలత అతన్ని తిట్టిన తిట్లు అతనికి తెలుగులోనే అర్థమయ్యాయి, కోయలోకి మార్చే అవసరం రాలేదు.

సాయిప్రియ ఆ రోజు సాయంత్రం బస్సెక్కాలి. ఎక్కలేదు. వరండాలో కూర్చుని తన కుడిచేతిని చాలాసేపు చూసుకుంది. ఆ చెయ్యి అజాగ్రత్తగా లేదు. నూట పన్నెండు స్లైడ్లు చదివిన చెయ్యి. ప్రేమ కొద్దీ ముందుకొచ్చింది, అంతే. ఆ సూది దిగి ఉంటే మెమోలో ఏం రాసేవాళ్ళో ఆమెకి తెలుసు.

శనివారం పొద్దున్న ముసలయ్య వచ్చి వరండా మెట్ల మీద కూర్చున్నాడు. సానకిచ్చి ఇప్పుడు తెచ్చుకున్న కొడవలి పక్కన, ఖాళీ సంచి ఒళ్ళో. కూతురి బట్టలు పెట్టుకోవడానికి తెచ్చాడు.

శ్రావణి హెడ్ నర్సు గదిలోకి వచ్చింది. సాయిప్రియ అక్కడే ఉంది, రిపోర్టు రాస్తున్నట్టు నటిస్తూ.

"సిస్టర్, నా కాగితం ఇస్తరా?"

నాగలత డ్రాయర్ తెరిచింది. రాజీనామా తీసింది. చేతికివ్వలేదు. టేబుల్ మీద పెట్టింది.

"తీసుకో," అంది.

శ్రావణి ఆ కాగితాన్ని కాసేపు చూసింది. తిరగేసింది. వెనక తెల్లగా ఉంది. పెన్సిలు తీసుకుని దాని మీద ట్రే గీసింది. ఐదేసి చొప్పున రెండు వరసల సీసాలు, పక్కన నీళ్ళ గొట్టాలు, ఈ కొసన వాడిన సూది పెట్టే చోటు. "రాత్రి డ్యూటీ వాళ్ళకు తెల్వదు గద సిస్టర్. ట్రాలీకి అంటిస్త."

"కొత్త కాగితం తీసుకోరాదే."

"ఇది దండగ కావద్దని."

తర్వాత సూదిపోట్ల రిజిస్టర్ అడిగి తీసుకుంది. వరసగా ఉన్న 'నిల్'ల కింద తన పేరు రాసింది, రెండు నెలల నాటి తేదీ వేసింది. కారణం అన్న గడిలో నిలబడి ఆలోచించి రాసింది: 'చెత్త సంచి ఎత్తే చిన్నక్కకు గుచ్చుకోవద్దని మూత పెట్టబోతే.' గడి చాలలేదు, మార్జిన్‌లోకి పోయింది. నాగలత దాని కింద తన ఏడూ వరసగా రాయడం మొదలుపెట్టింది. తేదీలు అన్నీ ఆమెకి గుర్తున్నాయి. ఆ పేజీ నకలు జతచేసి మెమో వెనక్కి తీసుకోమని పైకి ఉత్తరం పెడతానంది. జవాబు వస్తుందో రాదో ఆమెకీ తెలియదు.

మెట్ల మీద తండ్రీ కూతుళ్ళు కోయలో చాలాసేపు మాట్లాడుకున్నారు. సాయిప్రియకి ఒక్క ముక్క తెలియలేదు. చిన్నక్కని అడిగింది.

"ఆఖరి టెస్టు అయ్యేదాంక ఉంటదంట."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత జరాలు మొదలైతయంట, అప్పుడు పోతే బాగుండదంట."

"జ్వరాల తర్వాత?"

"నువ్వు ఎందుకు ఎందుకు అని అడుగుడు మొదలుపెట్టినవ్ మళ్ళ," అంది చిన్నక్క.

మధ్యాహ్నం బస్సుకి సాయిప్రియ, ముసలయ్య కలిసే నడిచారు. ఆయన సంచి ఖాళీగానే ఉంది. కూతురు పెట్టిన బ్రెడ్డు ప్యాకెట్ ఒకటి అడుగున పడి ఉంది. సాయిప్రియ ముందు ఎక్కి తలుపు పక్క సీట్లో కూర్చుంది. ముసలయ్య మెట్టు దగ్గర ఆగాడు, కొడవలి చేతిలో పట్టుకుని.

ఈసారి ఆమె చెయ్యి చాచలేదు. తన బ్యాగు ఒళ్ళోకి తీసుకుని, కాళ్ళు దగ్గరికి ముడుచుకుని, కింద చోటు చేసింది.

ఆయన అక్కడ పెట్టాడు.